మొటిమలకు యాంటీబయాటిక్ జెల్: ఎంతకాలం రాయాలి, దేనితో కలిపి రాయాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నలలో ఎక్కువ భాగం మొటిమలపై రాసుకునే యాంటీబయాటిక్ మందుల గురించే ఉన్నందున, వాటిలో ఐదింటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 22 సంవత్సరాలు. రెండేళ్ల క్రితం ముఖమంతా ఎర్రటి మొటిమలు వస్తే క్లిండమైసిన్ జెల్ రాసిచ్చారు. నెలన్నరలో చాలావరకు తగ్గాయి. అప్పటి నుంచి ఆ జెల్‌నే మళ్లీ మళ్లీ కొనుక్కుని రాసుకుంటున్నాను. కొన్ని నెలలుగా ఎంత రాసినా గుణం కనిపించడం లేదు. జెల్‌లో శక్తి తగ్గిందా? ఇంతకంటే బలమైన యాంటీబయాటిక్ ఏదైనా ఉందా?

జవాబు: జెల్‌లో శక్తి తగ్గలేదు. రెండేళ్లుగా ఒకే యాంటీబయాటిక్‌ను, తోడుగా మరే మందూ లేకుండా వాడినందువల్ల, మీ చర్మంపై ఉండే బ్యాక్టీరియాలో దానికి లొంగేవి నశించి, లొంగనివి మిగిలి, ఆ మిగిలినవే వృద్ధి చెంది ఉండే అవకాశం ఎక్కువ. ఇప్పుడు మరో యాంటీబయాటిక్‌కు మారినా కొన్నాళ్లకు ఇదే పరిస్థితి తిరిగి వస్తుంది కనుక, చికిత్స పద్ధతినే మార్చుకోవాలి. ఈ విషయంలో మిమ్మల్ని తప్పుపట్టలేను. ఎప్పుడు ఆపాలో చెప్పకుండా జెల్ పేరు మాత్రమే చీటీపై రాసి పంపడం వైద్యులుగా మావైపు నుంచి తరచుగా జరుగుతున్న పొరపాటు.

ఎందుకిలా జరుగుతుందో అర్థం కావాలంటే మొటిమ పుట్టుక తెలియాలి. ముఖంపై కంటికి కనిపించని నూగు వెంట్రుకల మొదళ్లను అంటిపెట్టుకుని నూనె గ్రంథులు ఉంటాయి. యుక్తవయసులో ఆండ్రోజన్ హార్మోన్ల ప్రభావం వల్ల ఈ గ్రంథులు ఎక్కువ నూనెను స్రవిస్తాయి. అదే సమయంలో, రంధ్రం లోపలి గోడ నుంచి ఎప్పటికప్పుడు రాలిపోవలసిన మృతకణాలు ఒకదానికొకటి అతుక్కుని, ఆ నూనెతో కలిసి మైనపు బిరడాలాగా రంధ్రాన్ని మూసివేస్తాయి. అద్దంలో మొటిమ కనిపించడానికి కొన్ని వారాల ముందే ఈ బిరడా తయారై ఉంటుంది. గాలి అంతగా ఆడని ఆ చోట క్యూటీబ్యాక్టీరియం యాక్నెస్ అనే బ్యాక్టీరియా నూనెను ఆహారంగా చేసుకుని పెరుగుతుంది. 2016 వరకు దీనినే ప్రొపియోనీబ్యాక్టీరియం యాక్నెస్ అనేవారు కనుక పాత పుస్తకాలలో ఆ పేరు కనిపిస్తుంది. ఇది బయటి నుంచి వచ్చి అంటుకునే సూక్ష్మజీవి కాదు, మొటిమలు లేనివారి చర్మంపై కూడా ఉంటుంది. మూసుకుపోయిన రంధ్రంలో దీని సంఖ్య, స్వభావం మారినప్పుడు మన శరీర రక్షణ వ్యవస్థ దానిపై స్పందించడం వల్లనే ఎరుపు, వాపు, నొప్పి, చీము కలుగుతాయి.

నూనె ఎక్కువ కావడం, బిరడా ఏర్పడడం, బ్యాక్టీరియా పెరగడం, వాపు రావడం అనే ఈ నాలుగింటిలో క్లిండమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటి మందులు చివరి రెండింటిపైనే పనిచేస్తాయి. బ్యాక్టీరియా తనకు కావలసిన ప్రోటీన్లను తయారుచేసుకోకుండా అడ్డుకుంటాయి, వాపును కొంత తగ్గిస్తాయి. బిరడాను మాత్రం కరిగించలేవు. అందువల్ల ఎర్రటి మొటిమలు అణిగినా వాటి వెనుక కొత్త బిరడాలు ఏర్పడుతూనే ఉంటాయి, జెల్ ఆపిన కొన్నాళ్లకు మళ్లీ మొటిమలు కనిపిస్తాయి, మీరు మళ్లీ అదే జెల్ కొంటారు. మీ రెండేళ్ల కథ బహుశా ఇదే.

ఈ బ్యాక్టీరియా క్లిండమైసిన్, ఎరిత్రోమైసిన్ మందులకు లొంగకపోవడం 1979లోనే వైద్యుల దృష్టికి వచ్చింది. ఈ రెండు మందులూ బ్యాక్టీరియాలో దాదాపు ఒకే చోట పనిచేస్తాయి. ఆ చోట చిన్న జన్యుమార్పు జరిగితే చాలు, రెండూ ఒకేసారి పనికిరాకుండా పోవచ్చు. కాబట్టి ఒకటి పనిచేయనప్పుడు రెండోదానికి మారడం వల్ల ప్రయోజనం తక్కువ, రెండింటినీ కలిపి రాయడం అసలే తగదు. మందుకు లొంగని బ్యాక్టీరియా ఒకరి ముఖంతో ఆగిపోదు. చికిత్స తీసుకుంటున్నవారితో కలిసి ఉండే కుటుంబసభ్యుల చర్మంపై కూడా అది కనిపించినట్లు పరిశోధనలు చెబుతున్నాయి. పైగా మనం రాసే మందు మొటిమల బ్యాక్టీరియాపైనే కాక, చర్మంపైనా ముక్కులోనా ఉండే స్టెఫైలోకాకస్ జాతి బ్యాక్టీరియాపై కూడా ప్రభావం చూపుతుంది. మొటిమల జెల్‌ను చిన్న విషయంగా తీసుకోవద్దని నేను పదేపదే చెప్పడానికి కారణం ఇదే.

ఇక మీరు చేయవలసింది. క్లిండమైసిన్‌ను ఒంటరిగా వాడడం ఆపివేయండి. బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మందు బ్యాక్టీరియాను వేరే మార్గంలో, ఆక్సిజన్ సంబంధిత చురుకైన రసాయనాలను విడుదల చేసి చంపుతుంది. ఇన్ని దశాబ్దాలుగా వాడుతున్నా మొటిమల బ్యాక్టీరియా దీనికి అలవాటుపడిన దాఖలా లేదు. ఎప్పుడైనా యాంటీబయాటిక్ జెల్ అవసరమైతే దీనిని తోడుగా ఉంచాలని, ఆ యాంటీబయాటిక్ భాగాన్ని సుమారు 12 వారాలకు మించి కొనసాగించకూడదని చర్మవైద్యులు సూచిస్తారు. బిరడా ఏర్పడకుండా చూసే పనిని అడాపలీన్, ట్రెటినాయిన్ వంటి రెటినాయిడ్ మందులు చేస్తాయి. మొటిమలు తగ్గిన తరువాత యాంటీబయాటిక్‌ను ఆపి, రెటినాయిడ్‌ను కొనసాగించడం వల్ల తిరిగి రాకుండా ఉండే అవకాశం పెరుగుతుంది. ఏ మందు ఎంత మోతాదులో అన్నది మీ ముఖాన్ని చూసిన వైద్యులే నిర్ణయించాలి. మొటిమలు గడ్డలుగా మారుతున్నా, గుంటలు పడుతున్నా ఆలస్యం చేయకండి. అటువంటివారికి నోటి ద్వారా తీసుకునే మందులు అవసరమవుతాయి, పడిన గుంటలను పూడ్చడం మొటిమలను తగ్గించడం కంటే చాలా కష్టం.

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. నుదుటిపై, ముక్కుపై నల్లటి చుక్కలు, చిన్న తెల్లటి పొక్కులు ఉన్నాయి. ఎరుపు, నొప్పి లేవు. బంధువులు తాము వాడిన యాంటీబయాటిక్ లోషన్ ఇచ్చారు. రాయవచ్చా?

జవాబు: రాయవద్దు. మీరు వర్ణించినవి బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్. వీటిలో ఉన్నది బిరడాయే కానీ వాపు కాదు కనుక యాంటీబయాటిక్‌కు ఇక్కడ పని లేదు. బ్లాక్‌హెడ్‌లోని నలుపును చాలామంది మురికి అనుకుని పిల్లల ముఖాన్ని గట్టిగా రుద్దిస్తారు. అది మురికి కాదు, బిరడా పైభాగంలోని మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం), గాలి తగిలి మారిన కొవ్వు పదార్థాల రంగు. రుద్దడం వల్ల చర్మం రేగుతుందే తప్ప అది పోదు.

ఇటువంటి దశలో 0.1 శాతం అడాపలీన్ జెల్ సాధారణంగా మొదటి ఎంపిక. రాసే తీరు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మందు పనిచేయలేదని వచ్చేవారిలో చాలామంది దానిని పొక్కు కనిపించిన చోట మాత్రమే చుక్కలుగా అద్దుతుంటారు. రాత్రి సున్నితమైన సబ్బుతో ముఖం కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. తడి ముఖంపై రాస్తే మంట ఎక్కువవుతుంది. వేలికొనపై బఠాణీ గింజంత జెల్ తీసుకుని, నుదురు, రెండు బుగ్గలు, ముక్కు, గడ్డంపై ఒక్కొక్క చుక్క పెట్టి, అక్కడి నుంచి పలుచగా పరచాలి. కళ్లు, పెదవులు, ముక్కుపుటాల మూలలు వదిలేయాలి. ముఖం మొత్తానికి ఆ ఒక్క గింజంత సరిపోతుంది. మొదటి రెండు మూడు వారాలలో చర్మం పొడిబారి పొట్టు లేస్తే రోజు విడిచి రోజు రాసి, పైన మాయిశ్చరైజర్ పూయవచ్చు. అబ్బాయికి ముందుగానే ఒక మాట చెప్పి ఉంచండి: రెండు నెలల లోపు ఫలితాన్ని బేరీజు వేయకూడదు. ఈ వయసు పిల్లలు వారం రోజులకే అద్దం చూసుకుని నిరాశపడి మందు మానేస్తారు. ఆ సమయంలో ఇంట్లోవారు పక్కన నిలవడం చాలా అవసరం.

ప్రశ్న: క్లిండమైసిన్, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిసి ఉన్న జెల్ వాడుతున్నాను. ముఖం మండుతోంది, దిండు గలీబులపై తెల్లటి మరకలు పడుతున్నాయి. మందు పాడైపోయిందా?

జవాబు: పాడవలేదు. బెంజాయిల్ పెరాక్సైడ్‌కు బట్టల రంగును విరిచే గుణం ఉంది. జెల్ బాగా ఆరిన తరువాత పడుకోండి, తెల్లటి గలీబు, తెల్లటి తువ్వాలు వాడండి, కనుబొమ్మలకు, జుట్టు అంచులకు తగలనివ్వకండి. మంట విషయానికి వస్తే, ఈ మందు శాతం ఎక్కువైనకొద్దీ చికాకు పెరుగుతుంది కానీ ఫలితం అదే నిష్పత్తిలో పెరగదు. ఎర్రటి మొటిమలపై 2.5 శాతం మందు దాదాపు 10 శాతం మందు చేసినంత పనీ చేస్తుంది. తక్కువ శాతం ఉన్న జెల్‌కు మార్చమని మీ వైద్యులను అడగండి. ముఖం వాచినా, దద్దుర్లు లేచినా మాత్రం అది అలర్జీ కావచ్చు, వెంటనే ఆపివేయాలి.

ప్రశ్న: నాకు మూడవ నెల. గర్భం అని తెలియక ముందు నుంచీ క్లిండమైసిన్ జెల్, అడాపలీన్ జెల్ రెండూ రాస్తున్నాను. భయంగా ఉంది.

జవాబు: భయపడకండి. చర్మంపై రాసిన అడాపలీన్ రక్తంలోకి చేరేది అతి స్వల్పం. అయినా గర్భిణులు రెటినాయిడ్ మందులకు దూరంగా ఉండాలన్నది నియమం కనుక దానిని ఈ రోజే ఆపి, ఇన్నాళ్లు రాసిన సంగతి మీ ప్రసూతి వైద్యులకు చెప్పండి. క్లిండమైసిన్ జెల్‌ను గర్భిణులకు అవసరమైనప్పుడు వైద్యులు ఇస్తూనే ఉంటారు. అజిలాయిక్ యాసిడ్ కూడా ఈ సమయంలో వాడదగినదే. మీకు గతంలో పెద్దపేగు వాపు వ్యాధి ఉండి ఉంటే, లేదా జెల్ వాడుతుండగా విడవని విరేచనాలు మొదలైతే, క్లిండమైసిన్ ఆపి వైద్యులకు తెలియజేయాలి. రాసే మందుతో ఇలా జరగడం చాలా అరుదు.

ప్రశ్న: ఛాతీపై, వీపుపై, నుదుటి అంచున ఒకే పరిమాణంలో చిన్న చిన్న పొక్కులు వచ్చాయి. విపరీతమైన దురద. ఆరు వారాలుగా యాంటీబయాటిక్ జెల్ రాస్తుంటే ఇంకా పెరిగాయి. స్నేహితుడు ఇచ్చిన మరో క్రీము రాస్తే నాలుగు రోజులు తగ్గి మళ్లీ విజృంభించాయి.

జవాబు: ఇవి మొటిమలు కాకపోవచ్చు. మొటిమలలో బ్లాక్‌హెడ్స్, ఎర్ర పొక్కులు, చీము పొక్కులు కలగలిసి, చిన్నవీ పెద్దవీగా ఉంటాయి, దురద ప్రధానంగా ఉండదు. అన్నీ అచ్చు గుద్దినట్లు ఒకేలా ఉండి దురద పెడుతున్నాయంటే మలాసీజియా అనే ఈస్టు (ఒక రకం ఫంగస్) వెంట్రుక కుదుళ్లలో పెరగడం వల్ల వచ్చిన సమస్యను అనుమానించాలి. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను తగ్గించి ఈ ఈస్టుకు చోటు కల్పిస్తుంది కనుక, మీరు చెప్పినట్లే రాసినకొద్దీ పెరుగుతుంది. దీనికి ఫంగస్ మందులు వాడాలి. పొక్కు నుంచి కొద్దిగా గీరి తీసి మైక్రోస్కోపు కింద చూస్తే విషయం తేలుతుంది.

మీ స్నేహితుడి క్రీము నాకు మరింత ఆందోళన కలిగిస్తోంది. నాలుగు రోజులలో అంతగా తగ్గి, మళ్లీ అంతగా రేగిందంటే అందులో స్టెరాయిడ్ ఉండి ఉండవచ్చు. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీములు ఉన్నాయి. అవి ఎరుపును, దురదను తాత్కాలికంగా అణచివేసి, ఆపై తామే కొత్త పొక్కులను తెస్తాయి, ఎక్కువ కాలం వాడితే చర్మం పలుచబడుతుంది. ఆ క్రీమును ఇక రాయకండి. చర్మవైద్యుల దగ్గరకు వెళ్లేటప్పుడు ఇప్పటివరకు రాసిన ట్యూబులన్నింటినీ, ఖాళీ అయినవాటితో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లి బల్లపై పెట్టండి. పేరు గుర్తులేని క్రీములో ఏముందో ఆ ట్యూబు వెనుక ఉన్న చిన్న అక్షరాలే మీ వైద్యులకు చెబుతాయి.