ఇడ్లీకి తల ఎక్కడుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సముద్రం ఒడ్డు నుంచే. వాట్సాప్‌లో వచ్చినవాటిని కూడా ఉత్తరాలే అంటాను, పాత అలవాటు.

ప్రశ్న: మాస్టారూ, మాది బారువ దగ్గర పల్లె. అలివి వల లాగినప్పుడు చేపలతోపాటు ఒక నక్షత్ర చేప కూడా పడింది. మా పాప దాన్ని అరచేతిలో పెట్టుకుని "నాన్నా, దీని మొహం ఎటు?" అంది. తిప్పి తిప్పి చూశాను గానీ చెప్పలేకపోయాను. నిజంగానే దీనికి ముందూ వెనకా లేవా?

జవాబు: మీ పాప అడిగింది చిన్న ప్రశ్నేం కాదు, అందుకే కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను. ముందు వంటింట్లోకి పదండి. ప్లేటులో ఇడ్లీ పెట్టుకుని కోయండి. నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా ఎలా కోసినా కత్తి నడిమధ్య నుంచి పోతే చాలు, రెండు సగాలూ సమానంగా వస్తాయి. జెల్లీఫిష్‌ది దాదాపు ఈ బాపతు ఒళ్ళే, దీన్నే వలయ సౌష్ఠవం అంటారు. ఇప్పుడు చేపని తీసుకోండి. మూతి నుంచి తోక దాకా వెన్ను వెంబడి చీలిస్తేనే అద్దంలో బొమ్మల్లాంటి రెండు సగాలు వస్తాయి, ఇంకెటు కోసినా తలకాయ ఒకరి పాలు, తోక ఇంకొకరి పాలు (మా ఇంట్లో గొడవ అక్కడే మొదలవుతుంది). ఇది ద్విపార్శ్వ సౌష్ఠవం. మనమూ, ఆవూ, చీమా, వానపామూ అందరం ఈ చేప పార్టీయే.

ఈ తేడా అందం కోసం వచ్చింది కాదు, బతికే తీరుని బట్టి వచ్చింది. ఒకచోట అతుక్కునో, నీటివాలుకి తేలుతూనో బతికేదానికి తిండి ఎటునుంచైనా రావచ్చు, శత్రువూ ఎటునుంచైనా రావచ్చు. అలాంటప్పుడు అన్ని వైపులా ఒకేలా ఉండటమే లాభం. అదే ఒక దిక్కుకి కదిలిపోయే జంతువుకైతే కొత్తది ఏదైనా ముందు తగిలేది దాని ముందు భాగానికే కాబట్టి కళ్ళూ నోరూ వాసన పట్టే భాగాలూ అక్కడికే చేరాయి, వాటి సమాచారం తీసుకునే నరాల ముద్ద కూడా వాటి పక్కనే పెరిగింది. దానికే మనం తల అని పేరు పెట్టుకున్నాం. దక్షిణ ఆస్ట్రేలియా రాళ్ళలో బియ్యపు గింజంత జీవి ఒకటి దొరికింది, ఇకారియా అని 2020లో దానికి పేరు పెట్టారు. వయసు సుమారు 55 కోట్ల సంవత్సరాలు. ఇసుకలో దారి చేసుకుంటూ పోయిన గాడి కూడా రాతిలో మిగిలింది. ఒక కొస కొంచెం లావుగా, ఇంకో కొస సన్నగా ఉంటుంది, అంటే అప్పటికే ముందూ వెనకా తేలిపోయాయన్నమాట.

ఇక మీ నక్షత్ర చేప సంగతి (పేరులోనే చేప, నిజానికి చేప కాదు). దీని కథ వింటే నవ్వొస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల సముద్రంలో ఈదుకుంటూ తిరిగేటప్పుడు మనలాగే కుడీ ఎడమా ఉన్న జీవి. తర్వాత అడుక్కి చేరి, ఒళ్ళంతా మార్చేసుకుని, ఐదు చేతులదై కూర్చుంటుంది. ఆ పెద్ద ఒళ్ళు కూడా ఎక్కువగా పిల్ల ఎడమ పక్క నుంచే తయారవుతుంది. బెండకాయని అడ్డంగా కోస్తే కనిపించే ఐదు గదులు గుర్తు తెచ్చుకోండి, అదీ లెక్క. అంటే దీని పూర్వీకులది ద్విపార్శ్వ సౌష్ఠవమే, ఇది తర్వాత ఐదు మూలల పద్ధతికి మారిపోయింది.

ఈసారి వలలో పడితే ఒక పని చేయండి. వెడల్పాటి గిన్నెలో సముద్రపు నీళ్ళు పోసి దాన్ని వెల్లకిలా పెట్టండి. అడుగున గొట్టాల్లాంటి సన్నని కాళ్ళు బోలెడు, గాలిలో ఏదో వెతుకుతున్నట్టు ఊగుతాయి. ఒక చేయి కొస మెలి తిరిగి గిన్నెని పట్టుకుంటుంది, దాని పక్కది సాయం వస్తుంది, మిగతావి వదిలేస్తాయి, మెల్లగా ఒళ్ళు బోర్లా పడుతుంది. ఏ చేయి ముందు పట్టుకుంటే ఆ పూటకి అదే పెత్తనం. నడిచేటప్పుడూ అంతే. నోరు కింద నడుమన, చూపు చుక్కలు చేతుల కొసల్లో, మెదడు లేదు, నోటి చుట్టూ నరాల కడియం ఒకటి మాత్రం ఉంది. చూడటం అయ్యాక మళ్ళీ నీళ్ళలో వదిలేయండి.

ఒక ముక్క మిగిలింది. చేప పార్టీ జంతువుల్లో తల ఎక్కడ, మొండెం ఎక్కడ అని గుర్తుపెట్టే జన్యువులు కొన్ని ఉంటాయి. అవి నక్షత్ర చేపలో ఎక్కడెక్కడ పనిచేస్తున్నాయో వెతికిన పరిశోధన 2023లో 'నేచర్' పత్రికలో వచ్చింది. ఐదు చేతుల్లోనూ పైచర్మంలో తల గుర్తులే కనిపించాయి, మొండెం గుర్తులు దాదాపు లేనేలేవు. కాబట్టి పాపకి ఇలా చెప్పండి: నోరు కింద ఉంది తల్లీ, తల మాత్రం ఒళ్ళంతా ఉంది.

ప్రశ్న: పీత కూడా చేప పార్టీయే అయితే పక్కకి ఎందుకు నడుస్తుంది? (భావనపాడు)

జవాబు: దాని కాళ్ళ కీళ్ళు ఎక్కువగా పక్కకే మడుస్తాయి, అంతే. ఎటు నడిచినా మొహం మొహమే. పీతని తిరగేస్తే పొట్ట కింద మడిచిన ముక్క కనిపిస్తుంది కదా, వెడల్పుగా ఉంటే ఆడది, సన్నగా ఉంటే మగది అని మీకు నేను చెప్పక్కర్లేదు. అది రొయ్యకి ఉండే తోకే, లోపలికి మడిచేసుకుంది. ఈ పీత ఆకారం రొయ్యల చుట్టాల్లో విడివిడిగా కనీసం ఐదు సార్లు పుట్టిందని లెక్క.

ప్రశ్న: సార్, నేను తొమ్మిదో తరగతి. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్ళని చూశాను. తాబేలు డిప్ప వదిలి బయటకి రాగలదా?

జవాబు: రాలేదు నాన్నా. డిప్ప అంటే ఇల్లు కాదు, దాని వెన్నెముకా పక్కటెముకలే వెడల్పై అతుక్కుపోయాయి. మన భుజపుటెముక పక్కటెముకల బయట ఉంటుంది, తాబేలుకి లోపల ఉంటుంది! చైనాలో దొరికిన 22 కోట్ల ఏళ్ళ నాటి తాబేలుకి కింది పలక పూర్తిగా ఉంది గానీ పై డిప్ప ఇంకా తయారవలేదు.

ప్రశ్న: గురువుగారూ, విజయనగరంలో మా బావగారికి ఈసీజీ తీస్తే ఏదో తేడాగా వచ్చింది. మళ్ళీ పరీక్షలు చేసి గుండె కుడివైపు ఉందన్నారు. కాలేయం కూడా ఎడమవైపే ఉందట. ఆయనకి యాభై రెండేళ్ళు, ఇన్నాళ్ళూ ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లో అందరికీ టెన్షన్. బయట అంతా సమానంగా ఉన్న మనిషికి లోపల ఇలా ఎందుకు?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. లోపలి అవయవాలన్నీ కలిసి అటూ ఇటూ మారితే చాలామంది మామూలుగానే బతికేస్తారు. సుమారు పది వేల మందిలో ఒకరు ఇలా ఉంటారు. గుండె ఒక్కటే కుడికి ఉండి మిగతావి మామూలుగా ఉంటే గుండె లోపాలు ఉండే అవకాశం ఎక్కువ, మీ బావగారిది అది కాదు. అయినా గుండె డాక్టరుకి ఒకసారి చూపించి, ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఈ సంగతి ముందే చెప్పమనండి. ఆయనకి అపెండిక్స్ నొప్పి వస్తే ఎడమవైపు వస్తుంది, తెలియని డాక్టరు ఇంకేదో అనుకుంటాడు.

బయట సమానంగా ఎందుకంటే, ఒక తెడ్డు పొడుగూ ఒకటి పొట్టీ అయితే పడవ గుండ్రంగా తిరుగుతుంది కదా, నడిచే ఒంటికీ అదే బాధ. లోపల ఆ బాధ లేదు. మూరల కొద్దీ పేగుని పొట్టలో సర్దాలి, గొట్టంలా మొదలైన గుండె మడత పడాలి, మడత ఏదో ఒక పక్కకే కదా పడేది. ఏ పక్కకో తేల్చేది పిండంలో ఒక చిన్న గుంట. అక్కడి సన్నని నూగు గిరగిరా తిరిగి ద్రవాన్ని ఎడమవైపుకి తోస్తుంది, ఆ వైపు నోడల్ అనే జన్యువు గట్టిగా పనిచేస్తుంది. ఆ నూగు లేని ఎలుక పిండాల్లో కుడీ ఎడమా నాణెం ఎగరేసినట్టే తేలిందని 1998లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. పుట్టుకతో ఈ నూగు పనిచేయని మనుషుల్లోనూ సుమారు సగం మందికి ఇలా తారుమారవుతుంది. వాళ్ళకి చిన్నప్పటి నుంచీ జలుబూ దగ్గూ వదలవు. బావగారికి అలాంటిదేమైనా ఉంటే అది కూడా డాక్టరుకి చెప్పండి.

ప్రశ్న: మాస్టారూ, మాది నరసన్నపేట. మా అత్తగారు యాత్రకి వెళ్ళి దక్షిణావర్త శంఖం అని నాలుగు వేలు పోసి కొన్నారు. అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు: శంఖం మొనదేలిన చుట్టల కొస పైకి, నోరు మీవైపు ఉండేలా పట్టుకోండి. మామూలు శంఖానికి నోరు కుడివైపు వస్తుంది. ఎడమవైపు వస్తే అరుదైనది. మన సంప్రదాయంలో చుట్టల కొస కిందికి పెట్టి చూస్తారు కాబట్టి అదే నోరు కుడికి కనబడి దక్షిణావర్తం అయింది. శాస్త్రవేత్తలు దాన్నే ఎడమ మెలి అంటారు. ఇద్దరూ చెప్పేది ఒకే శంఖం గురించి, పట్టుకోవడంలోనే తేడా. అన్నట్టు నత్తలు ఎటు మెలి తిరగాలో తేల్చడంలోనూ బావగారి కథలో వచ్చిన ఆ నోడల్ జన్యువుకి పాత్ర ఉంది. ఇంకో వింత, కొన్ని మంచినీటి నత్తల్లో మెలి ఎటో పిల్ల జన్యువులు కాదు, తల్లి జన్యువులు నిర్ణయిస్తాయి.

ఇక చిక్కు ఏంటంటే, అమెరికా తీరంలో పుట్టుకతోనే ఎడమ మెలి ఉండే వేరే జాతి నత్త ఒకటుంది. అక్కడ అది మామూలే. దాని గుల్లనే ఇక్కడ దక్షిణావర్తం అని అంటగడుతుంటారు. టార్చి వేసి నోట్లో లోపలి గోడ చూడండి. మన శంఖానికి అక్కడ అడ్డంగా మూడు నాలుగు గట్టి మడతలు వరసగా ఉంటాయి, వేలు పెడితే తగులుతాయి. అమెరికా దానికి అక్కడ నున్నగా ఉంటుంది. నున్నగా ఉంటే మాత్రం అత్తగారికి చెప్పాలా వద్దా అనేది నా సబ్జెక్టు కాదు.