రోగుల రికార్డుల సేకరణపై ఆంక్షలుంటే వైద్య పరిశోధన సాగుతుందా?

ప్రతి రోగి సమ్మతీ తీసుకోవాలంటే పాత కేస్ షీట్లతో పరిశోధన ఎలా సాగుతుందని మీరు అడిగారు. సాగుతుంది, కానీ ఆంక్షను ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి ఫలితం వంకర పోతుంది. నా పీజీ థీసిస్‌లో ఇది స్వయంగా చూశాను.

పక్షవాతంతో మా ఆసుపత్రిలో చేరినవారు లక్షణాలు మొదలైన ఎన్ని గంటలకు వచ్చారో, ఆ తరువాత ఏమయ్యారో పాత కేస్ షీట్ల నుంచి నమోదు చేయడం నా పని. రికార్డు రూములో నెలవారీగా పురికొసతో కట్టిన కట్టలుండేవి. 2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను మూడేళ్లు దాచితే చాలు కాబట్టి, అంతకు ముందువి దాదాపు మిగల్లేదు. గోప్యతా నిబంధనల వల్ల కన్నా ఇలా పోయిన సమాచారమే ఎక్కువేమోనని నాకు అనుమానం, కానీ దీన్ని ఎవరూ ఆంక్ష అనరు.

పరిశోధనలకు అనుమతినిచ్చే ఎథిక్స్ కమిటీ మొదట ప్రతి రోగి సమ్మతీ తెమ్మంది. ఓపీ ముగిశాక కేస్ షీట్ల మీదున్న నంబర్లకు ఫోను చేసేదాన్ని. కొన్నింటిలో తొమ్మిది అంకెలే ఉండేవి. కొన్ని అంబులెన్సులో తోడు వచ్చిన పొరుగువారివి. ఒకరోజు ఫోనెత్తిన పెద్దావిడకు విషయం చెప్పి, "పెద్దాయనను అడిగి చెబుతారా అమ్మా" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. "ఆయన పోయి ఏడాదవుతోంది తల్లీ, ఇప్పుడు సంతకం ఎవరు పెడతారు?" అన్నారు. ఆ షీటునూ పక్కన పెట్టాను. కొన్ని వారాలకు ఆ పక్కన పెట్టిన కట్ట విప్పి చూస్తే, ఆలస్యంగా వచ్చినవారు, స్పృహ లేకుండా వచ్చినవారు, వార్డులోనే చనిపోయినవారు ఎక్కువగా అందులోనే ఉన్నారు. మిగిలిన షీట్లతో థీసిస్ రాసి ఉంటే, పక్షవాతం పెద్ద జబ్బేమీ కాదని తేలేది.

కెనడాలో పక్షవాత రోగుల వివరాలు నమోదు చేసే రిజిస్ట్రీకి సరిగ్గా ఇదే ఎదురైంది. ఆ ఫలితాలు 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. సమ్మతి ఇచ్చి రిజిస్ట్రీలో చేరినవారు మొదటి దశలో సుమారు 39 శాతం, రెండో దశలో 51 శాతం. రిజిస్ట్రీలో చేరినవారిలో ఆసుపత్రి మరణాలు 6.9 శాతమైతే, అందులో చేరనివారిలో 21.7 శాతం.

ఆ పేపరు పట్టుకుని మా గైడ్‌తో కలిసి మళ్లీ కమిటీ ముందుకు వెళ్లాను. రోగికి కలిగే ముప్పు అతి స్వల్పమై, గుర్తింపు వివరాలు తీసేసిన పాత రికార్డులతో చేసే అధ్యయనాలకు సమ్మతిని మినహాయించే వీలు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. కమిటీ ఒప్పుకుంది గానీ పేరు, ఫోను, ఊరు నా ఎక్సెల్‌లో ఉండకూడదంది. నాకు ఊరు అక్కర్లేదు, ఆసుపత్రికి ఎన్ని కిలోమీటర్లో చాలు. అన్ని అధ్యయనాలకూ అలా కుదరదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొన్ని ఊళ్లలోనే ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బుపై పనిచేసేవారి దగ్గర కవిటి, సోంపేట మండలాల ఊళ్ల పేర్లు చెరిపేస్తే ఇక వెతకడానికేముంటుంది? అక్కడ వివరాన్ని ఉంచి, దాన్ని చూసేవారిని పరిమితం చేయాలి.

ఆంక్షలే వద్దని నేననను. అదే గదిలో ఒక కేస్ షీటు అట్ట మీద ఎర్ర సిరాతో హెచ్‌ఐవీ అని రాసి ఉంది. పేరు చూస్తే మా వీధివారే. నా అధ్యయనానికి సంబంధం లేని షీటు, వెంటనే మూసేయాల్సింది. మూయలేదు. హెచ్‌ఐవీ వివరాల గోప్యత కోసం 2017లో ప్రత్యేక చట్టమే చేశారని తెలిసీ లోపలి పేజీలు తిరగేశాను. ఎవరికీ చెప్పలేదన్నది నిజమే, కానీ ఆ రోజు నన్ను ఆపేవారు ఎవరూ లేరు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా పరిశోధనకు మినహాయింపునిచ్చింది. అయితే ఆ డేటాతో ఏ ఒక్క వ్యక్తి విషయంలోనూ నిర్ణయం తీసుకోకూడదు, నిర్దేశిత ప్రమాణాలు పాటించాలి. కాబట్టి ఎథిక్స్ కమిటీకి మీరిచ్చే దరఖాస్తులో సమ్మతి ఎందుకు సాధ్యం కాదో మాత్రమే రాసి ఆపకండి. రెండోసారి మా కమిటీ గుచ్చి గుచ్చి అడిగింది, పేర్లకు బదులు వాడిన కోడ్‌లు ఎవరెవరివో రాసి ఉంచే పుస్తకం ఉన్న బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందని. రికార్డు ఆఫీసరు దగ్గర, నా దగ్గర కాదు అని చేర్చాకే సంతకాలు పడ్డాయి.