స్నేహితుడు వాటా అడుగుతున్నాడు, ఇల్లు తాకట్టులో ఉంది

ప్రశ్న: మావారు, ఇంజనీరింగ్‌లో ఆయనతో చదివిన ఇద్దరు స్నేహితులు పుణెలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు మానేసి నాసిక్ జిల్లా దిండోరి దగ్గర వైన్ తయారుచేసే చిన్న వైనరీ పెట్టారు. హైదరాబాద్‌లోని మా ఫ్లాట్ బ్యాంకు తాకట్టులో ఉంది. హామీదారుగా నేనూ సంతకం పెట్టాను. నా నగలూ కుదువలోనే ఉన్నాయి. ఇప్పుడు ఒకతను మళ్లీ ఉద్యోగానికి వెళ్తానని, తన వాటా ఇచ్చేయమని అంటున్నాడు. సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి మావారు ఫోనే ఎత్తరు. ఎత్తితే ‘వాడు నాకు తమ్ముడు, కాగితాలెందుకు’ అంటారు. సారా వ్యాపారమని మా నాన్న దెప్పుతున్నారు. పిల్లలతో పుట్టింట్లో ఉన్నాను.
– ఓ సోదరి

జవాబు: అమ్మా, ముందు ఫోన్ సంగతి. నాసిక్‌లో వైన్ ద్రాక్ష కోతలు జనవరి నుంచి మార్చి దాకా సాగుతాయి. ఎర్ర వైన్‌లో రసంతోపాటు తొక్కలూ పులుస్తాయి. అవి పైకి తేలి దళసరిగా గట్టిపడతాయి. రోజుకు రెండు మూడుసార్లు వాటిని కిందికి అదమాలి, లేకపోతే సరుకు చెడిపోవచ్చు. చిన్న వైనరీలో ఆ పని యజమానులే చూసుకోవాలి. కాబట్టి ఆయనకు మీరు అక్కర్లేదని ఇప్పుడే అనుకోకండి. అలాగని రాత్రి పది నిమిషాలు పిల్లలతో మాట్లాడకపోవడమూ సరికాదు, అది గట్టిగానే అడగండి.

అసలు భయపడాల్సింది డబ్బు గురించి. స్నేహితుడు అడిగే వాటా చేతిలో లేదు. ట్యాంకుల్లో, పీపాల్లో, అమ్ముడుపోని సీసాల్లో ఉంది. వేరే రాష్ట్రంలో అమ్మాలంటే అక్కడి ఎక్సైజ్ శాఖ దగ్గర లేబుల్ రిజిస్టర్ చేయించి మళ్లీ ఫీజు కట్టాలి. ఆ సరుకుకు ఖర్చు పెట్టిన ధర కడతారా, అమ్మే ధర కడతారా? గొడవ అక్కడే మొదలవుతుంది.

వాళ్లది మామూలు భాగస్వామ్యమా, ఎల్‌ఎల్‌పీనా (భాగస్వాముల బాధ్యత పరిమితంగా ఉండే సంస్థ) కనుక్కోండి. మామూలుదైతే 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ అప్పు మొత్తానికి అప్పిచ్చినవాళ్లు ముగ్గురిలో ఎవరినైనా పట్టుకోవచ్చు. తప్పుకున్నట్టు బహిరంగ ప్రకటన ఇచ్చేదాకా బయటివాళ్లకు అతను కూడా బాధ్యుడే. వేరే ఒప్పందం లేకుండా, లెక్క తేల్చకుండా వ్యాపారం నడిపితే అతను తన వాటా సొమ్ము మీద లాభమో, ఏడాదికి 6 శాతం వడ్డీయో అడగవచ్చు. ఎల్‌ఎల్‌పీ అయినా హామీదారుగా మీ బాధ్యత మీకు ఉండనే ఉంటుంది. బ్యాంకుకు వెళ్లి ఆ హామీ పత్రం నకలు తెచ్చుకోండి. అప్పటిదాకా కొత్త కాగితం దేని మీదా సంతకం చేయకండి.

మీ నాన్నగారితో వాదించకండి. ఒరాకిల్ ఉద్యోగం వదిలి నాసిక్‌లో సులా వైనరీ పెట్టిన రాజీవ్ సామంత్ పేరు మాత్రం చెప్పండి, ఇది పరువు తక్కువ పని కాదు. అయితే ఆయన మొదలుపెట్టింది సొంత కుటుంబ భూమిలో. మీ ఇల్లు తాకట్టులో ఉంది. ఈ తేడా మీవారికీ చెప్పాలి.

కోతలు అయ్యాక ఏప్రిల్‌లో మీరే దిండోరి వెళ్లండి. ముగ్గురి భార్యలూ, ఆడిటరూ కూర్చుంటే మంచిది. ‘తమ్ముడే కదా, అందుకే రాసుకుందాం’ అనండి. వెళ్లిపోయే అతనికి వాయిదాల్లో ఎంత, ఎప్పుడు ఇస్తారో, బ్యాంకు అప్పులో అతని భాగం ఎవరు మోస్తారో రాయించండి. మీ నగలు విడిపించే తేదీ కూడా అందులోనే ఉండాలి.