కంచె వేయకముందే దరఖాస్తు: టెక్సస్‌లో పొలం కొన్నవారికి

ప్రశ్న: ఇద్దరం ఐటీ ఉద్యోగులం, డాలస్‌లో ఉంటాం. ఏడాదిన్నర క్రితం, హెచ్-1బీలో ఉండగా, రెండు గంటల దూరంలోని ఓ పల్లె కౌంటీలో 42 ఎకరాల పచ్చిక భూమి కొన్నాం. ఈమధ్యే గ్రీన్‌కార్డులు వచ్చాయి. మేకలు పెంచాలని, కొంచెం గోంగూర, బెండ వేయాలని ఉంది. కంచెకీ బోరుకీ 45,000 డాలర్లు పక్కన పెట్టాం. ప్రభుత్వ సాయం ఏమైనా దొరుకుతుందా? భూమి ఖాళీగా వదిలేసినా డబ్బిస్తారని ఓ మిత్రుడు అంటున్నారు, నిజమేనా?

జవాబు: ముందుగా ఒక మాట. కంచె కాంట్రాక్టరుకు ఇంకా అడ్వాన్సు ఇవ్వకపోతే ఇవ్వకండి. మీకు పనికొచ్చే పథకం ఈక్విప్: నేల, నీటి సంరక్షణ పనుల ఖర్చులో కొంత ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం. దాన్ని నడిపేది అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ)లోని సంరక్షణ విభాగం ఎన్‌ఆర్‌సీఎస్. వాళ్లతో కాంట్రాక్టు సంతకాలు పూర్తి కాకముందే మొదలుపెట్టిన పనికి, ముందస్తు మినహాయింపు తీసుకుంటే తప్ప, ఒక్క డాలరు కూడా రాదు. దరఖాస్తు పెట్టేశాం కదా అని గుంతలు తవ్విస్తే నష్టపోతారు.

వెళ్లాల్సింది యూఎస్‌డీఏ సర్వీస్ సెంటర్‌కు. చిరునామా ఫార్మర్స్ డాట్ గవ్‌లో ఉంటుంది. మీ కౌంటీ పని పక్క కౌంటీ ఆఫీసు చూస్తుండొచ్చు కాబట్టి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. అక్కడ మొదట ఎఫ్‌ఎస్‌ఏ (అదే శాఖలో రైతు పథకాలు, రుణాలు చూసే విభాగం) వాళ్ల దగ్గర మీ భూమికి ఫార్మ్ నంబర్ తీసుకోవాలి. రిజిస్టరైన డీడ్, గుర్తింపు కార్డులు, గ్రీన్‌కార్డులు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు, బ్యాంకు వివరాలు పట్టుకెళ్లండి. భూమి ఎల్‌ఎల్‌సీ పేరున ఉంటే దాని కాగితాలు కూడా. అక్కడ నింపించే వాటిలో సీసీసీ-941 ఆదాయానికి సంబంధించినది: సగటు ఏజీఐ (పన్ను రిటర్నులో చూపే సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం) 9,00,000 డాలర్లు దాటకూడదు. ఏడీ-1026 మాత్రం చదవకుండా సంతకం పెట్టొద్దు. తేలిగ్గా కోతకు గురయ్యే నేలను ప్లాన్ లేకుండా దున్ననని, చిత్తడి నేలను పంటకోసం ఎండగట్టనని మీరిచ్చే హామీ అది. తప్పితే సాయాలన్నీ పోతాయి.

అదే రోజు తేల్చుకోవాల్సిన ఇంకో పని ఉంది, మీరు అడగలేదు. గ్రీన్‌కార్డు లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లో ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారం ఇవ్వాలి. హెచ్-1బీ వాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఆలస్యానికి వారానికి భూమి విలువలో 0.1 శాతం చొప్పున, గరిష్ఠంగా 25 శాతం దాకా జరిమానా పడొచ్చు. భూమి కొన్నప్పటి క్లోజింగ్ కాగితాలు లాయరుకు చూపించి, ఎఫ్‌ఎస్‌ఏ వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే వెళ్లి దాఖలు చేయండి.

ఇక ఈక్విప్. దరఖాస్తు ఏడాది పొడవునా తీసుకుంటారు కానీ వాటిని పోల్చి ఎంపిక చేసే ర్యాంకింగ్‌కు ఒక గడువు ఉంటుంది. అది దాటితే మరుసటి విడతే. మేత భూమిని మడులుగా విడగొట్టే లోపలి కంచె, మేకల నీటి తొట్లు, పైపులైను, వాటికోసం బోరు మేత ప్లానులో భాగమైతే అడగొచ్చు. హద్దు కంచెకు, ఇంటి బోరుకు ఆశ పెట్టుకోవద్దు. కూరగాయల సాగునీటికి కూడా కష్టమే: గత అయిదేళ్లలో కనీసం రెండేళ్లు నీరు పారిన భూమి అయి ఉండాలన్నది సాధారణ నియమం. గోంగూర, బెండలకు హై టనెల్ (ప్లాస్టిక్ కప్పిన గ్రీన్‌హౌస్ లాంటి పందిరి) గురించి విడిగా అడగండి.

డబ్బు మీ బిల్లు చూసి ఇవ్వరు, రాష్ట్రపు రేట్ల పట్టిక ప్రకారం ఇస్తారు. పట్టికలో 9,000 అని ఉంటే, మీకు 16,000 ఖర్చయినా వచ్చేది 9,000. అదీ పని పూర్తయి, వాళ్ల ప్రమాణాలకు సరిపోయిందని చూశాకే. పదేళ్లలోపు కొత్త రైతులకు రేటు ఎక్కువ, కనీసం సగం ముందే అడిగి తీసుకోవచ్చు. తీసుకున్నది 90 రోజుల్లో వాడాలి. అయితే వ్యవసాయంలో మీరు స్వయంగా గణనీయంగా పాల్గొంటున్నట్టు చూపాలి. వారాంతపు రాకపోకలు సరిపోతాయా అన్నది ముందే అడగండి. వచ్చిన డబ్బుకు 1099-జీ అనే పన్ను ఫారం వస్తుంది కాబట్టి మీ పన్నులు చూసే సీపీఏకు చెప్పండి. కాంట్రాక్టు గడువు ముగిసేలోపు భూమి అమ్మితే, కొన్నవారు కాంట్రాక్టు తీసుకోకపోతే, తిరిగి కట్టాల్సి రావచ్చు.

మీ మిత్రుడు చెప్పింది సీఆర్‌పీ, నేల సంరక్షణ కోసం భూమికి ఏటా అద్దంలా డబ్బిచ్చే పథకం. ఊరికే వదిలేస్తే ఇచ్చేది కాదది. 10 నుంచి 15 ఏళ్ల కాంట్రాక్టు. సాధారణ సీఆర్‌పీకి ఆ నేలలో పంటల చరిత్ర ఉండాలి. పచ్చిక బీడుకు ముఖ్యంగా అడగాల్సింది గ్రాస్‌ల్యాండ్ సీఆర్‌పీ. ఎఫ్‌ఎస్‌ఏ ఇచ్చే చిన్న అప్పు, మైక్రోలోన్, 50,000 డాలర్ల దాకా ఉంది కానీ బయట బ్యాంకులో అప్పు పుట్టనివాళ్లకది. రెండు ఐటీ జీతాలతో దాని వెంట తిరగడం దండగ.

కాబట్టి 45,000ను కదిలించకుండా స్వల్పకాలిక ట్రెజరీ బిల్లుల్లో ఉంచండి. ఈలోగా కౌంటీలో ఆస్తుల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో, ఆస్తిపన్నును మార్కెట్ ధరపై కాక వ్యవసాయ విలువపై లెక్కించే రాయితీ సంగతి చూడండి. ఇది యూఎస్‌డీఏకు సంబంధం లేని పని. పాత యజమానికి ఆ రాయితీ ఉన్నా, యజమాని మారితే మళ్లీ దరఖాస్తు పెట్టాలి. గడువు ఏప్రిల్ 30. మీరు పెట్టారో లేదో మీ పన్ను బిల్లు తీసి చూసుకోండి.