ముక్కులో పెట్టుకునే ఎర్ర లైట్ మెషిన్ కొనొచ్చా?

పొద్దున లేవగానే తుమ్ములు, గోలీ వేసుకుంటే ఆఫీసులో నిద్ర, అందుకని ముక్కులో పెట్టుకునే లైట్ మెషిన్ కొంటే తగ్గుతుందా అని నల్లగొండ నుంచి అడిగారు కదా. నేను కొన్నాను, చెప్తా వినండి.

మిర్యాలగూడలో రైస్ మిల్లులో గుమాస్తాను. దీపావళి దాటి కొత్త వడ్ల లారీలు వరస కట్టాయంటే, హమాలీలు బస్తా దించిన ప్రతిసారీ లేచే దుమ్ముకు నా ముక్కు నల్లా విప్పినట్టే.

మెషిన్ అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. రెండు వైర్లు, చివర్లో ఇయర్‌ఫోన్‌ల లాంటి బుడిపెలు. ముక్కులో పెట్టుకుని బటన్ నొక్కితే మూడు నిమిషాలకు అదే ఆగిపోతుంది. రోజుకు మూడుసార్లు. కరెంటు పోయినప్పుడు పెట్టుకుంటే ముక్కంతా ఎర్రగా వెలిగేది. "డాడీ, నీ ముక్కు బండి బ్రేక్ లైట్" అని మా చిన్నది ఒకటే నవ్వు.

రెండో వారానికి దురద తగ్గింది, తుమ్ములు కూడా కొంత తగ్గాయి. ముక్కు దిబ్బడ మాత్రం అలాగే ఉంది, రాత్రంతా నోటితోనే ఊపిరి. అమ్మినవాళ్లు "శాశ్వతంగా పోతుంది" అన్నారని అప్పటిదాకా అలర్జీకి ముక్కులో కొట్టుకుంటున్న స్ప్రే మానేశాను. తప్పంతా అక్కడే జరిగింది. సీజన్ మధ్యలో పిల్లికూతలు మొదలై రాత్రిపూట హాస్పిటల్‌కు ఉరికాను. మెషిన్ వాపసు తీసుకోమంటే వాళ్లు ఫోనే ఎత్తలేదు.

లైట్ వైద్యం ఉత్త మోసమేమీ కాదని ఈఎన్‌టీ డాక్టరే చెప్పాడు. హంగరీలోని సెగెడ్ డాక్టర్లు 2005లోనే దీని మీద పరిశోధన ప్రచురించారట. వారానికి మూడుసార్లు చొప్పున మూడు వారాలు ఇచ్చారు. కానీ అందులో మామూలు వెలుతురుతో పాటు కొద్దిగా అతినీలలోహిత కిరణాలు కూడా ఉంటాయి, అలర్జీ కణాల దూకుడు తగ్గించేది అవే. డాక్టర్ చేతుల్లో జరగాల్సిన పని అది. నేను కొన్నదాంట్లో ఉన్నది ఎర్ర లైటే. పైగా నాకు ముక్కు దూలం వంకర. వంకరను ఏ లైటూ సరిచేయదు.

ఇంకో సంగతి, సిగ్గుపడుతూనే చెప్తున్నా. అన్నేళ్లూ స్ప్రేని తప్పుగా కొట్టుకున్నాను. మధ్య గోడకు తగిలి రక్తం వచ్చేది. తల కొంచెం వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులో, మొన చెవి వైపు తిప్పి కొట్టాలి. ఒక్కరోజులో పూర్తి గుణం కనపడదు, రోజూ వాడాలి. ఇప్పుడు మిల్లులో మాస్క్, ఇంటికి రాగానే కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం, పొద్దున స్ప్రే. మెషిన్ బీరువాలో ఉంది. దురద మరీ ఎక్కువైన రోజు తీస్తా.

మీరు ముందు ఈఎన్‌టీకి చూపించి దూలం సంగతి తేల్చుకోండి. ఆ తర్వాత కూడా కొనాలనిపిస్తే, వాపసు తీసుకుంటామని బిల్లు మీద రాసిచ్చేవాళ్ల దగ్గరే కొనండి.