వెస్ట్ సైడ్ స్టోరీలోని షార్క్స్ ముఠా యువకులు విదేశీయులా?

కాదు, న్యూయార్క్ వీధుల నేపథ్యంలో 1957లో వచ్చిన ఆ సంగీత నాటకంలో షార్క్స్ అంతా కరీబియన్ ద్వీపమైన ప్యూర్టో రికో నుంచి వచ్చిన అమెరికా పౌరులే.

స్పెయిన్‌తో యుద్ధం తర్వాత 1898లో ఆ ద్వీపం అమెరికా చేతికి వచ్చింది. 1917 నాటి చట్టం అక్కడివారికి పౌరసత్వం ఇచ్చింది. కాబట్టి న్యూయార్క్ రావడానికి వాళ్లకు వీసా అవసరం లేదు. అయినా స్పానిష్ మాట్లాడతారని, ఒంటి రంగు వేరని ప్రత్యర్థి ముఠా అయిన జెట్స్, షార్క్స్‌ను పరాయివాళ్లుగానే చూస్తుంది. జెట్స్ మాజీ సభ్యుడు టోనీ, షార్క్స్ నాయకుడి చెల్లెలు మరియాల ప్రేమను బలిగొన్నది ఈ చూపే.

ష్రాంక్ అనే పోలీసు అధికారి సన్నివేశం చూడండి. మందుల దుకాణంలోంచి షార్క్స్‌ను అవమానించి బయటికి పంపేస్తాడు. ఆపై వాళ్లను తరిమేందుకు సాయపడతానని జెట్స్‌కు చెబుతాడు. రెండు ముఠాల మధ్య జరగబోయే కొట్లాట ఎక్కడో జెట్స్ చెప్పకపోయేసరికి, వలస వచ్చిన నీచుల సంతానమని ఆ జెట్స్‌నే తిడతాడు. నాటకంలో నన్ను అన్నిటికన్నా కలచివేసే ఘట్టం ఇది. నిజమే, జెట్స్ కుర్రాళ్లు కూడా ఐరోపా నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలే. టోనీ వాళ్లది పోలండ్ మూలం.

ఇది 'స్థానికులు, వలసదారుల మధ్య గొడవ' అని చాలామంది అనుకుంటారు. అలా చదివితే జెట్స్ మాటనే మనం నమ్మినట్లవుతుంది. నిజానికి ఇది ముందు వచ్చినవారికీ, తర్వాత వచ్చినవారికీ మధ్య ఒక పేదవాడ కోసం జరిగిన పోరు.