మిశ్రమమా, మేళవింపా?

సందేహం: చెన్నైలో పీజీ చదువుతున్నాను. డిగ్రీ విద్యార్థుల బ్లెండెడ్ లెర్నింగ్‌లో (కొంత ఆన్‌లైన్‌లో, కొంత క్లాసులో సాగే చదువులో) సోషల్ మీడియా వాడకం మీద ప్రాజెక్టు రాస్తున్నాను. మా గైడు 'మిశ్రమ అభ్యసనం', 'సామాజిక మాధ్యమాలు' అని రాయమంటున్నారు. నాకైతే 'కలుపు చదువు' తేలిగ్గా ఉందనిపిస్తోంది. గ్రూపులో మెసేజ్ వేసి అడిగితే తలా ఒక మాట చెప్పారు. ఏది రాయాలి సార్?
– ఒక విద్యార్థిని, ట్రిప్లికేన్

సమాధానం: 'కలుపు' మాత్రం వద్దమ్మా. గైడుగారు దాన్ని పీకి పారేస్తే నన్ననకండి. తమిళంలో 'కలప్పు' అని వినీ వినీ మీకా మాట తట్టి ఉంటుంది, అక్కడ అది చక్కగా కలయికే, మన దగ్గర మాత్రం నామవాచకంగా పైరులో మొలిచే పిచ్చిమొక్కలకే ఖాయమైపోయింది.

'మిశ్రమ అభ్యసనం' తప్పు కాదు. అభ్యాసం అంటే పాఠం చివరి లెక్కలు గుర్తొస్తాయి కాబట్టి బీఈడీ పుస్తకాలవాళ్లు నేర్చుకోవడానికి 'అభ్యసనం' అని పెట్టుకున్నారు. నా పేచీ మిశ్రమంతోనే. ఇత్తడి మిశ్రమలోహం, అందులో రాగి ఎక్కడుందో, జింకు ఎక్కడుందో వేలు పెట్టి చూపలేం. ఈ చదువు అలా ఉండదు. 2021లో యూజీసీ ముసాయిదా 40 శాతం దాకా ఆన్‌లైన్, మిగతా 60 శాతం క్లాసులో అని వాటాలే వేసింది, అంటే రెండూ విడివిడిగానే ఉంటాయి, కాకపోతే ఒకదానికొకటి పొసగాలి. దానికి మనకు 'మేళవింపు' ఉండనే ఉంది. కచేరీకి ముందు తంబురా శ్రుతి మేళవించడం కచేరీల కాలమైన మార్గళి (ధనుర్మాసం) నెలలో చెన్నైలో ఉన్నవాళ్లకు నేను చెప్పాలా! రాత్రి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో, దాని మీద రెండు ప్రశ్నలు పెట్టి, పొద్దున క్లాసులో పిల్లలు రాసిన జవాబుల దగ్గర్నుంచే పాఠం అందుకుంటే అది మేళవింపు. పీడీఎఫ్‌లు గ్రూపులో పడేసి క్లాసులో పాత నోట్సే చదివించడం (నాకు తెలిసిన ఒకాయన ఏడాదంతా అదే చేశారు) మిశ్రమం కూడా కాదు. అందుకని నేనైతే 'మేళవింపు చదువు' అంటాను. గైడు ఒప్పుకోకపోతే మిశ్రమమే రాసి మార్కులు తెచ్చుకోండి.

'సామాజిక మాధ్యమాలు' పత్రికల్లో స్థిరపడిన మాటే. 'తెలుగు మాధ్యమ విద్యార్థులు సామాజిక మాధ్యమాల్లో...' అని రెండు మాధ్యమాలు ఒకేచోట గుద్దుకుంటే మాత్రం హాయిగా సోషల్ మీడియా అనేయండి.

అన్నట్టు, మీరు 'మెసేజ్ వేసి' అన్నారు. ఆంధ్రలో ఎక్కువగా 'పెట్టి' అంటారు, మీది తమిళ 'పోట్టు' నీడ. తప్పనను. విద్యార్థుల మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇచ్చేచోట మీరూ దాన్ని దిద్దకండి.